కుందేటి కొమ్ములకు కొత్త పేరు పెట్టొచ్చా?

జమ్మలమడుగు వైపు హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరమ్మ ఒకరు అడిగిన ప్రశ్న ఇది. పొడుగ్గా ఉంది కాబట్టి కుదించి చెబుతాను. గండికోట దగ్గర బండల మీద వానల తర్వాత కుందేటి కొమ్ములు అనే కండ కాడల మొక్కలు పూశాయట. పువ్వు రంగు ఆమె దగ్గరున్న పుస్తకంలోని వర్ణనకు కలవలేదు. ఆ దారిలోనే ఒక పుట్ట మీద విచ్చుకోని పుట్టగొడుగు కనిపించింది, చీలిస్తే లోపల నల్లటి పొడి. "ఇవి కొత్త జాతులైతే పేరు పెట్టడం ఎలా? మా పాఠంలో తుమ్మ అంటే అకేసియా అని ఉంది, నెట్‌లో వాచెల్లియా అంటున్నారు. పిల్లలకు ఏది చెప్పాలి?" అని అడిగారు.

మేడమ్, అనంతపురంలో ముప్పై ఏళ్లకు పైగా బోటనీ చెప్పాను. సెలవులన్నీ కొండల్లో, మొక్కలను ఎండబెట్టి దాచే హెర్బేరియం బీరువాల ముందు గడిచిపోయాయి. ఈ ప్రశ్న ఏడాదికి నలుగురైనా అడుగుతారు. నా జవాబు ముందే చెప్పేస్తాను: మీ మొక్క కొత్తదో కాదో కొండ మీద తేలదు. ఎక్కడో బీరువాలో వందేళ్ల నాటి ఎండిన కొమ్మ ఒకటి ఉంటుంది, దాని పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

ఇది నాకు బుద్ధి వచ్చాక తెలిసిన సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కడప జిల్లా పాలకొండల్లో నేలవేము కుటుంబానికి చెందిన చిన్న మొక్క ఒకటి దొరికింది. నా దగ్గరున్న రెండు పుస్తకాల్లోనూ అది లేదు. ఇంకేముంది, ఊరి పేరు కలిపి ఒక లాటిన్ పేరు అల్లేశాను. బొమ్మలు గీయించాను. రెండేళ్లు ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని తిరిగాను. చివరికి కోయంబత్తూరులో మద్రాసు హెర్బేరియం చూడటానికి వెళితే, అక్కడ ఒక షీటు మీద నా మొక్కే పడుకుని ఉంది. పేరు ఆండ్రోగ్రాఫిస్ బెడ్డోమీ. నేను పుట్టకముందే, మా తాత కూడా పుట్టకముందే దానికి పేరు పెట్టేశారు. బస్సులో తిరిగి వస్తూ ఆ కాగితాలను బయటికి కూడా తీయలేదు.

ఆ బెడ్డోమ్ ఎవరంటారా? కల్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్, మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారి. పందొమ్మిదో శతాబ్దంలో మన కడప కొండలను ఆయన తిరిగినంతగా తిరిగినవాళ్లు తక్కువ. తిరుమల, కడప కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని, ఈతచెట్టులా కనిపించే పేరీతకు 1883లో డయ్యర్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన పేరు సైకాస్ బెడ్డోమీ. ఆ పాత సేకరణల చీటీల మీద చాలాచోట్ల 'కడప కొండలు' అని రెండు ముక్కలే ఉంటాయి. ఏ కొండ, ఏ వాగు అన్నది ఉండదు. అందుకే మనవాళ్లు ఆ మొక్కలను మళ్లీ వెతికి పట్టుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

చీటీ సంగతి వచ్చింది కాబట్టి మా అనంతపురం జిల్లా కథే ఒకటి చెబుతాను. మొక్క కాదు, సాలీడు. నీలంగా మెరిసే పెద్ద సాలీడు ఒకటుంది, పోసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త దాన్ని వర్ణించినప్పుడు ఆధారం ఒకే ఒక్క నమూనా, అదీ గుత్తిలో రైల్వే కలప నిల్వ చేసే చోట దొరికింది. చీటీలో గుత్తి అనే ఉంది. ఆ తర్వాత నూరేళ్లు దాని జాడ లేదు. 2001లో దొరికింది గుత్తిలో కాదు, అక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో. కలప మొద్దులతో పాటు అది రైలెక్కి గుత్తికి వచ్చిందన్నమాట. 'దొరికిన చోటు' వేరు, 'బతికే చోటు' వేరు. కాబట్టి మీరు చీటీ రాసేటప్పుడు ఊరి పేరుతో ఆగకండి. ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు వస్తాయి, అవి రాయండి. ఎత్తు, బండా మట్టా, పక్కన ఏ చెట్లున్నాయి, తేదీ, అన్నీ ఉండాలి. ఎండిపోయాక రంగు పోతుంది కాబట్టి పువ్వు రంగు అక్కడికక్కడే రాసేయాలి.

ఇక మీ కుందేటి కొమ్ములు. ఈ మొక్క మీద నాకు పక్షపాతం ఉంది, కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

కుందేటి కొమ్ము అంటే లోకంలో లేనిదని మనకు సామెత. లేనిదాని పేరు ఉన్న మొక్కకు పెట్టారంటే మన పల్లెవాళ్ల హాస్యం చూడండి. నాలుగు పలకల కండ కాడలు, ఆకులు ఉన్నాయో లేవో అన్నట్టు ఉంటాయి. గిల్లితే జెముడులా పాలు కారవు, నీరే వస్తుంది. మేకలు కాసేవాళ్లు దాహానికి పచ్చిగానే నములుతారు. పులుపూ చేదూ కలిసిన రుచి. సామర్లకోటలో పనిచేసిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో దీనికి బొమ్మ వేయించి స్టపీలియా అడ్సెండెన్స్ అని పేరు పెట్టాడు. తెలుగువాళ్లు దీన్ని 'కారల్లం' అంటారని కూడా పక్కన రాసుకున్నాడు. కార అల్లమో, కారు అల్లమో, ఆయన చెవికి ఎలా వినపడిందో మరి. 1810లో రాబర్ట్ బ్రౌన్ దీన్ని స్టపీలియా నుంచి విడదీసి వేరే ప్రజాతిగా (దగ్గరి జాతుల గుంపు, జీనస్) చేశాడు. ఆ ప్రజాతికి ఆయన తీసుకున్న పేరు ఆ తెలుగు మాటే, కారల్లూమా. తర్వాత ఆఫ్రికాలో, అరేబియాలో దొరికిన మొక్కలు కూడా ఈ పేరు కిందికే వచ్చాయి. అది అరబ్బీ మాట అని కొన్ని పుస్తకాలు రాసేశాయి కూడా. కాదు, మనదే.

ఇప్పుడు మీ పువ్వు రంగు దగ్గరికి వద్దాం. ఈ మొక్కలో పువ్వు తేడాలు చూసి ముందటి తరాలవాళ్లు విడివిడి జాతులు చేశారు. రేకుల అంచున కుచ్చులుంటే ఫింబ్రియేటా అన్నారు, కాడ చివర సన్నబడితే అటెన్యుయేటా అన్నారు. 1931లో మద్రాసు మ్యూజియంలో గ్రేవ్లీ, మయూరనాథన్ కూర్చుని భారతదేశపు కారల్లూమాలన్నీ ముందేసుకుని చూశారు. మధ్యరకాలు ఎక్కువ కనిపించేసరికి వీటిని అడ్సెండెన్స్‌లో ఉపరకాలుగా కలిపేశారు. ఈ ముడి ఇప్పటికీ పూర్తిగా విడిపోలేదు. ఒళ్లు తగ్గించే మందుల డబ్బాల మీద 'కారల్లూమా ఫింబ్రియేటా' అని చూసే ఉంటారు. డబ్బాలో ఉన్నది నిజంగా ఏ రకమో కాడ ముక్క చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు, పువ్వు కావాల్సిందే.

2017లో ఇంకో పెద్ద మార్పు వచ్చింది. డీఎన్ఏ ఆధారంగా బ్రైన్స్, ఆయన తోటి పరిశోధకులు కారల్లూమా, బ్రాకిస్టెల్మా లాంటి ప్రజాతులన్నీ తీసుకెళ్లి సెరోపీజియాలో కలిపేశారు. వంశవృక్షం గీస్తే ఇవన్నీ సెరోపీజియా కొమ్మల మధ్యే మొలుస్తున్నాయి, విడిగా ఉంచితే లెక్క కుదరదని వాళ్ల వాదన. ఆ వాదనలో బలం ఉంది. కానీ ఏడు వందలకు పైగా జాతులను ఒకే బుట్టలో వేస్తే గుర్తుపట్టేవాడికి ఏం ఉపయోగం అని అడిగేవాళ్లూ ఉన్నారు. నేను రెండో పక్షం. మన నల్లమల పేరు పెట్టుకుని 2013లో వెలువడిన బ్రాకిస్టెల్మా నల్లమలయానం కూడా ఈ గొడవలో చిక్కుకుంది. గడ్డిలో గడ్డిలా ఉండి, తొలకరికి నాలుగు రోజులు పూసి, తర్వాత నేలలో గడ్డగా దాక్కునే మొక్కలు ఇవి. మన ఎండు కొండల్లో నిజంగా కొత్త జాతులు దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇలాంటివాటిలోనే, ఎందుకంటే సరిగ్గా ఆ నాలుగు రోజుల్లో అక్కడ ఉన్నవాడికే అవి కనిపిస్తాయి.

కాబట్టి రంగు ఒక్కటే చూసి తొందరపడకండి. పది, పదిహేను మొక్కలు చూడండి, వీలైతే రెండు మూడు వేర్వేరు గుట్టల మీద. ఒకే గుట్ట మీద ముదురు రంగు, లేత రంగు రెండూ ఉంటే అది అక్కాచెల్లెళ్ల తేడా, అంతే. పువ్వు కోసి పది రెట్ల లెన్స్ కింద పెట్టండి. ఐదు రేకులు దాటాక మధ్యలో చిన్న కిరీటం లాంటిది రెండు వరుసల్లో ఉంటుంది. అసలు తేడాలు అక్కడ ఉంటాయి. సూదితో మెల్లగా ఎత్తితే పుప్పొడి పొడిగా రాలదు, జిల్లేడులో లాగే పసుపు మైనపు ముద్దలు జంటగా వస్తాయి. వాటిని మిల్లీమీటర్ల స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. రేకు పొడవు, కిరీటం కొనలు నిటారుగా ఉన్నాయా వంగాయా, పువ్వు తల వాల్చిందా, వాసన ఉందా, ఈగలు వాలుతున్నాయా, రాసుకోండి.

నమూనా ఆరబెట్టడంలో ఒక చిక్కుంది. ఈ జాతి కాడలు మొండివి. పాత పేపర్ల మధ్య అదిమి పెడితే చావవు. ఒకసారి నేను ప్రెస్ కట్టి మూలన పెట్టి మర్చిపోయాను. మూడు వారాలకు విప్పితే కాడ వంకర తిరిగి పక్క పేపరులోకి కొత్త చిగురు వేసింది. అందుకని కాడను నిలువుగా చీల్చి, మరుగుతున్న నీళ్లలో ఒక్క నిమిషం ముంచి, అప్పుడు అదమాలి. పేపర్లు మొదటి వారం రోజూ మార్చాలి. పువ్వులు మాత్రం అదమొద్దు, అణిగిపోయిన కిరీటంతో ఎవరికీ పని లేదు. మూత గట్టిగా పట్టే చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయండి, పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే పెట్టండి. పెన్ను ఇంకు స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఎండిన కొమ్మను 42 సెంటీమీటర్లు 28 సెంటీమీటర్ల గట్టి షీటు మీద కుట్టాలి.

రిజర్వు అడవిలోనో లంకమల్లేశ్వరం లాంటి అభయారణ్యంలోనో అయితే అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క కొమ్మ కూడా తుంచొద్దు. ఎర్రచందనం కొండల్లో సంచీతో తిరిగే మనిషిని ఎవరూ ముందు బోటనీ మాస్టారు అనుకోరు, ఆ టెన్షన్ నేను పడ్డాను.

సరే, ఇవన్నీ చేశాక కూడా ఎక్కడా కలవలేదనుకుందాం. అప్పుడు పేరు పెట్టడానికి నియమాలున్నాయి, మొక్కలకూ శిలీంధ్రాలకూ కలిపి ఒకటే అంతర్జాతీయ నియమావళి. వర్ణన లాటిన్‌లోనో ఇంగ్లీషులోనో ఉండాలి. 1935 నుంచి 2011 దాకా లాటిన్ తప్పనిసరి, 2012 నుంచి ఇంగ్లీషు కూడా చెల్లుతోంది. ఈ పేరు ఫలానా నమూనాకు చెందుతుందని ఒక టైపు నమూనాను చూపించాలి, అది ఏ హెర్బేరియంలో ఉందో చెప్పాలి. శాస్త్ర పత్రికలాంటి చోట పద్ధతిగా ప్రచురణ కావాలి. పేపర్లో వార్త వచ్చినంత మాత్రాన, ఫేస్‌బుక్‌లో పెట్టినంత మాత్రాన పేరు చెల్లదు. పైగా ముందే పేరు బయటపెడితే లేనిపోని గందరగోళం. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి అనుకున్నదాని నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో ఇచ్చి వాళ్లకు తెలియజేయాలి కూడా.

టైపు అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే నేను ఇలా చెబుతాను. పేరు ఆవు లాంటిది, టైపు నమూనా గుంజ లాంటిది. పలుపు పొడుగు చేస్తే ఆవు ఎక్కువ మేస్తుంది, కురచ చేస్తే తక్కువ మేస్తుంది. జాతి హద్దులు పెంచడం, తగ్గించడం అంటే పలుపు మార్చడమే. గుంజ మాత్రం కదలదు. గుంజ ఎటు ఉంటే పేరు అటే.

అకేసియా గొడవలో జరిగింది ఆ గుంజనే పీకి ఇంకోచోట పాతడం. అందుకే అంత రచ్చ అయ్యింది. అకేసియా అన్న పేరు మొదట మన నల్లతుమ్మ వర్గానిదే, గుంజ ఇటే ఉండేది. డీఎన్ఏ చూశాక ఆ పెద్ద ప్రజాతి ఒకటి కాదని తేలింది. విడగొడితే అకేసియా పేరు ఇటు మిగలాలి, ఆస్ట్రేలియాలో ఉన్న దాదాపు వెయ్యి జాతుల పేర్లు మారాలి. అన్ని పేర్లు మార్చడం కష్టమని 2005 వియన్నా అంతర్జాతీయ వృక్షశాస్త్ర సభలో టైపును ఆస్ట్రేలియా జాతికి మార్చారు, 2011లో మెల్‌బోర్న్‌లో అదే ఖాయమైంది. అలా మన నల్లతుమ్మ వాచెల్లియా నిలోటికా అయ్యింది, తెల్లతుమ్మ వాచెల్లియా ల్యూకోఫ్లోయియా, సండ్ర సెనెగాలియా చుండ్ర. నాకు ఇది న్యాయంగా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. ఓట్లు ఎక్కువున్నవాడు ఊరి పేరు పట్టుకుపోయినట్టుంది. అయినా నియమం నియమమే, నేను కూడా వాచెల్లియా అనే రాస్తాను. ఒక ఓదార్పు ఏమిటంటే, వాచెల్లియా నిన్న పుట్టిన పేరు కాదు. మద్రాసులో పనిచేసిన రాబర్ట్ వైట్, ఆర్నాట్‌తో కలిసి 1834లోనే కస్తూరి తుమ్మకు పెట్టిన ప్రజాతి పేరు అది. ఇన్నేళ్లూ మూలన పడి ఉంది, అవసరం వచ్చింది, దుమ్ము దులిపారు.

జమ్మిచెట్టు కథ దీనికి సరిగ్గా తిరగేసి. 2022లో ప్రోసోపిస్ ప్రజాతిని విడగొట్టారు. అమెరికా ఖండం నుంచి వచ్చి మన చెరువులన్నీ ఆక్రమించిన సర్కారు తుమ్మ అందులోంచి బయటికి పోయి నెల్టుమా జూలిఫ్లోరా అయ్యింది. లిన్నేయస్ 1767లో ప్రోసోపిస్ పేరు పెట్టింది మన జమ్మి మీద. గుంజ ఇక్కడే ఉంది కాబట్టి పేరు జమ్మితోనే నిలిచింది. ఇప్పుడు ఆ ప్రజాతిలో మిగిలినవి మూడే జాతులు. క్లాసులో చెప్పేటప్పుడు ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టండి, పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. పరీక్షలో మాత్రం పాఠంలో ఉన్న అకేసియా రాసి, పక్కన ఇప్పటి పేరు కూడా రాయమనండి. రాసినందుకు మార్కులు కోసే మాస్టారు ఉంటే ఆయనతో నేను మాట్లాడతాను.

పుట్ట మీది పుట్టగొడుగు గురించి. మీరు పంపిన వర్ణన చూస్తే అది మనం కూర వండుకునే పుట్టకొక్కు కాదు. పుట్టకొక్కులు టెర్మిటోమైసిస్ ప్రజాతివి, గొడుగు విచ్చుకుంటుంది, కింద తెల్లటి పొరలు ఉంటాయి, కాడ వేరులా చెదల గూటి దాకా దిగి ఉంటుంది. మీది కోడిగుడ్డు సాగదీసినట్టున్న తల, చెక్కలా గట్టి కాడ తల లోపలి నుంచి పైదాకా, చీలిస్తే నల్లటి పొడి. ఇవి పొడాక్సిస్ అనే శిలీంధ్రం లక్షణాలు. ఎండు నేలల్లో, పుట్టల మీద వచ్చేదే. తినే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

దీని చరిత్ర కూడా మన దక్షిణాది నుంచే మొదలవుతుంది. కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త భారతదేశంలో సేకరించి పంపిన నమూనాకు లిన్నేయస్ 1771లో లైకోపెర్డాన్ పిస్టిల్లేర్ అని పేరు పెట్టాడు. లోపల పొడి ఉంది కాబట్టి పొడిబంతి అనుకున్నాడు పాపం. తర్వాత ప్రపంచమంతా దొరికిన చోటల్లా కొత్త పేరు పెట్టుకుంటూ పోయారు. 1933లో మోర్స్ అనే ఆవిడ అవన్నీ తిరగేసి, అంతా ఒకటే జాతి అని తేల్చింది, పొడాక్సిస్ పిస్టిల్లారిస్. ఎనభై ఏళ్లు అందరూ అదే నమ్మారు. 2016లో ఆఫ్రికా దక్షిణ భాగపు నమూనాల డీఎన్ఏ చూస్తే ఒకటి కాదు, చాలా ఉన్నాయని బయటపడింది. అదీ కాక ఇది పొడిబంతుల చుట్టమే కాదు, విచ్చుకునే మామూలు పుట్టగొడుగు కాప్రైనస్ కొమాటస్‌కు దగ్గరి బంధువు. ఎండల్లో గొడుగు విప్పితే లోపలి తేమ పోతుంది, అందుకే మూసుకునే బతకడం నేర్చుకుంది.

మీకు ఇందులో పనికొచ్చే సంగతి ఏమిటంటే, అసలు పేరుకు గుంజ మన దేశంలో ఉంది. ఇలాంటి జాతిని విడగొట్టేటప్పుడు 'అసలు పిస్టిల్లారిస్ ఏది' అన్నది తేల్చడానికి ఇక్కడి తాజా నమూనాలు కావాలి. అంటే మీ పుట్ట మీదిది కొత్తది కాకపోయినా, పాతదే అయితే ఇంకా ఎక్కువ విలువ. దాన్ని పేపరు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్‌లో పెడితే రాత్రికి కుళ్లిపోతుంది. నీడలో ఫ్యాను కింద ఆరబెట్టి, చిన్న ముక్క తేమ పీల్చే సిలికా జెల్‌లో వేరుగా దాచండి, డీఎన్ఏకు అదే పనికొస్తుంది. శిలీంధ్రాలకు 2012 నుంచి ఐటీఎస్ అనే డీఎన్ఏ ముక్కను గుర్తింపు కార్డులా వాడుతున్నారు. కొత్త పేరైతే 2013 నుంచి మైకోబ్యాంక్ లాంటి రిజిస్టరులో నంబరు తీసుకోకుండా ఆ పేరు చెల్లదు. మొక్కలకు ఈ నియమం లేదు. నమూనా ఇవ్వడానికి పుణేలో అఘార్కర్ సంస్థ హెర్బేరియం ఉంది.

ఇంకో చిన్న మాట. మన పిల్లల ప్రాజెక్టుల్లో చింతమాను మొదట్లో ఎర్రగా, వార్నిష్ పూసినట్టుండే చెక్క పుట్టగొడుగు కనిపిస్తే కళ్లు మూసుకుని గానోడెర్మా లూసిడం అని రాసేస్తారు. ఆ పేరు 1781లో ఇంగ్లండు నమూనాకు పెట్టింది. చైనావాళ్లు మందుగా వాడేది కూడా లూసిడం కాదని 2012లో దానికి గానోడెర్మా లింగ్‌జీ అని వేరే పేరు పెట్టారు. మన చింతమాను మీదిదాన్ని గానోడెర్మా అని రాసి ఆపేస్తే తప్పు రాదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: పువ్వులున్నప్పుడే మళ్లీ ఆ బండల దగ్గరికి వెళ్లండి. ఇంకో రెండు వారాలు పోతే జంట కొమ్ముల్లా కాయలే మిగులుతాయి. సీసా, పెన్సిలు, స్కేలు, లెన్స్ చాలు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం మీకు దగ్గర. మా అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం హెర్బేరియంలో రాయలసీమ షీట్లు ఎక్కువ. ఆదివారం కాకుండా వస్తే నేనూ వచ్చి కూర్చుంటాను. మీ అత్తగారు ఆ కొమ్మలన్నీ పచ్చడికి కోసుకొచ్చేస్తారని రాశారు కదా, ఈసారి పువ్వున్నవి నాలుగు పక్కన పెట్టమనండి, ఎక్కడ కోశారో గుర్తుపెట్టుకోమనండి. పచ్చడి కూడా ఒక చిన్న సీసాలో తెస్తే కాదనను.